లివర్ మార్చినా కాన్సర్ మళ్లీ వస్తుందా?

“పాత లివర్ మొత్తం తీసేశారు కదా సిస్టరమ్మా, ఇంక కాన్సర్ ఎక్కడుంటుంది?” లివర్ కాన్సర్‌కు మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవారి ఇంట్లో ఎవరికైనా వచ్చే సందేహం ఇది. జవాబు తెలుసుకుంటే చెకప్‌లు మానరు.

1967లో అమెరికాలోని డెన్వర్‌లో డాక్టర్ థామస్ స్టార్జల్, లివర్ కాన్సర్ ఉన్న 19 నెలల పాపకు లివర్ మార్చారు. ఈ ఆపరేషన్ తరువాత ఏడాది దాటి బ్రతికిన మొదటి బిడ్డ ఆమె. కానీ కాన్సర్ తిరిగి రావడంతో 400 రోజులకు చనిపోయింది. ఎందుకంటే ఆపరేషన్‌కు ముందే కొన్ని కాన్సర్ కణాలు రక్తంలో కలిసి బయటికి వెళ్లి ఉండవచ్చు. అవి స్కానింగులో కనిపించవు. తరువాత ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో, కొత్త లివర్‌లో కూడా పెరుగుతాయి.

అందుకే 1996లో ఇటలీలోని మిలాన్ డాక్టర్లు ఒక కొలత పెట్టారు. గడ్డ ఒక్కటే అయితే 5 సెంటీమీటర్లు, రెండు మూడు ఉంటే ఒక్కొక్కటి 3 సెంటీమీటర్లు దాటకూడదు. రక్తనాళాల్లోకి పాకి ఉండకూడదు. ఇలా ఎంచి చేసినా నూటికి సుమారు 10 నుండి 15 మందికి తిరిగి రావచ్చు, ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. అంటే ఎక్కువమందికి రాదు. అయినా ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేము.

కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించండి.

1. ఒంట్లో బాగున్నా చెప్పిన తేదీకి ఏ.ఎఫ్.పి. రక్తపరీక్ష, స్కానింగు చేయించుకోండి.

2. కొత్త లివర్‌ను కాపాడే టాక్రోలిమస్ వంటి మాత్రలు ఒక్కపూట కూడా మానవద్దు. మోతాదు మార్చవలసింది డాక్టరే.

3. హెపటైటిస్ బి ఉన్నవారు దాని మందు కూడా కొనసాగించాలి.

4. సారా, పొగాకు, పసరు మందులు వద్దు.

5. తగ్గని దగ్గు, ఎముకల నొప్పి, బరువు తగ్గడం ఉంటే తరువాతి చెకప్ దాకా ఆగవద్దు.

మార్కాపురం, కంభం, గిద్దలూరు నుండి హైదరాబాదు వెళ్లి రావడమంటే చార్జీలు, రెండు రోజుల కూలి పోతాయని మాకు తెలుసు. ఏ పరీక్షలు దగ్గరలో చేయించుకోవచ్చో ఆపరేషన్ చేసిన డాక్టరు గారిని అడిగి వ్రాయించుకోండి.

ఒకచోటే తిరిగి వస్తే, త్వరగా కనిపెడితే, కొందరికి ఆపరేషన్ చేసి తీసివేయవచ్చు. మిగిలినవారికి మాత్రలు, నొప్పి తగ్గించే వైద్యం ఉన్నాయి. భయంతో దాచిపెట్టకండి. ఫైలు పట్టుకుని రండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్