ఐరోపాలో అసమానతల అధ్యయనం: కొలబద్దలు, యువ పరిశోధకులు

సమాజంలో ఎవరికి ఎంత దక్కుతున్నది, దక్కనివారికి ప్రభుత్వం ఏమి చేస్తున్నది అన్న ప్రశ్నలను శాస్త్రీయంగా పరిశీలించే శాఖను సాంఘిక విధాన అధ్యయనం అంటారు. అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, రాజనీతిశాస్త్రం మూడూ కలిసే చోటు ఇది. ఐరోపా విశ్వవిద్యాలయాలలో పిహెచ్.డి. పూర్తిచేసి ఈ రంగంలో అడుగుపెట్టే యువ పరిశోధకులు ఏమి పరిశోధిస్తున్నారు, పాలనలో ఆ పరిశోధనకు ఎందుకంత స్థానమున్నది, వారి పని పరిస్థితులు ఎలా ఉన్నవి అన్న విషయాలను ఈ వ్యాసంలో క్లుప్తంగా వివరిస్తాము. సొంత రాష్ట్రం వెలుపల స్థిరపడిన తెలుగువారిని అధ్యయనం చేసే మనకు ఇందులో నేర్చుకోదగినది ఉన్నదని మా అభిప్రాయం.

ముందుగా ఐరోపా యూనియన్ పాలనలోని ఒక విశేషాన్ని గమనించాలి. పింఛన్లు, నిరుద్యోగ భృతి, పిల్లల భత్యాలు మొదలైన వాటికి డబ్బు సమకూర్చేదీ, నియమాలు చేసేదీ ప్రధానంగా సభ్యదేశాలే. స్త్రీపురుషులకు సమాన వేతనమన్న సూత్రం 1957 నాటి రోమ్ ఒప్పందంలోనే ఉన్నది. కనీస వేతనాలపై 2022లో చేసిన ఆదేశం వంటి ఉమ్మడి చట్టాలు కొన్ని తరువాత వచ్చాయి. అయినా సాంఘిక విధానమంతా యూనియన్ చేతికి రాలేదు. అందువల్ల 2000 మార్చిలో లిస్బన్‌లో సమావేశమైన ప్రభుత్వాధినేతలు ఒక మధ్యేమార్గం ఎంచుకున్నారు. లక్ష్యాలు ఉమ్మడిగా నిర్ణయించుకోవడం, ఎవరి పురోగతిని వారు ఒకే రకం లెక్కలతో చూపడం, ఒకరి అనుభవం నుంచి ఇంకొకరు నేర్చుకోవడం ఆ మార్గంలోని ముఖ్యాంశాలు. 2001 డిసెంబరులో లాకెన్ సమావేశం పేదరికానికి, సామాజిక వెలికి సంబంధించి 18 సూచికలను ఆమోదించింది. వాటికి శాస్త్రీయ భూమిక సమకూర్చినవారిలో బ్రిటిష్ ఆర్థికవేత్త ఆంథొనీ అట్కిన్సన్ ముఖ్యులు. ఒక్కమాటలో చెప్పాలంటే, ఖజానా తాళంచెవి దేశాల వద్ద, కొలబద్ద యూనియన్ వద్ద ఉన్నవి. ఆజ్ఞాపించే అధికారం లేనిచోట లెక్కే పాలనా సాధనమవుతుంది.

ఆ సూచికలలో ప్రధానమైనది పేదరికపు అంచున ఉన్నవారి శాతం. దేశంలోని ప్రజలందరినీ ఆదాయం ప్రకారం వరుసగా నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచే వ్యక్తి ఆదాయమే మధ్యగతం. అందులో 60 శాతం కంటే తక్కువ ఉన్నవారు ఈ లెక్కలోకి వస్తారు. ఇంట్లో మొదటి పెద్దమనిషిని 1గాను, 14 ఏళ్లు, ఆపై వయసున్న మిగతా ఒక్కొక్కరిని 0.5గాను, అంతకంటే చిన్న పిల్లలను 0.3గాను లెక్కవేస్తారు. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న ఇంటికి మొత్తం 2.1. ఆ ఇంటికి నెలకు 2,100 యూరోలు వస్తే, తలకు 1,000 యూరోలన్నమాట. ఆ దేశపు మధ్యగతం 1,800 అనుకుంటే గీత 1,080 వద్ద పడుతుంది, ఆ కుటుంబం గీతకు దిగువన ఉంటుంది. అదే ఆదాయం ఉన్న ఇల్లు బల్గేరియాలో గీతకు ఎగువన, లక్సెంబర్గులో దిగువన ఉండవచ్చు. ఆకలిని కొలిచే గీత కాదిది. చుట్టుపక్కలవారితో సమానంగా బతకగలుగుతున్నారా లేదా అన్నది చెప్పే గీత.

ఈ పద్ధతికి బలమెంతో బలహీనత కూడా అంతే ఉన్నది. గ్రీసు దేశమే అందుకు ఉదాహరణ. 2010 తరువాత అక్కడి సంక్షోభంలో అందరి ఆదాయాలూ కుంగిపోవడంతో మధ్యగతం దిగింది, దానితోపాటు గీతా దిగింది. ఒంటరి వ్యక్తికి ఏడాదికి 7 వేల యూరోలకు పైగా ఉన్న గీత 2014 నాటికి 5 వేలకు లోపల పడింది. అందువల్ల పేదరికపు శాతం 20 నుంచి 23 దాకా మాత్రమే పెరిగినట్లు కనిపించింది. 2008 నాటి గీతను కదలనీయకుండా పట్టి లెక్కవేస్తే మాత్రం అది 40 శాతం దాటింది. రెండు లెక్కలూ తప్పు కావు. అయితే మొదటిదాన్ని మాత్రమే చూసిన పాలకుడు ప్రజల అవస్థను గుర్తించలేడు.

లెక్కలోకే రానివారి సంగతి మరొకటి. ఈ గణాంకాలకు ఆధారమైన గృహ సర్వే 2003లో కొన్ని దేశాలలో మొదలైంది. అది ఇళ్లలో నివసించేవారిని మాత్రమే ప్రశ్నిస్తుంది. వీధుల్లో ఉండేవారు, ఆశ్రమాలలో ఉండేవారు అందులో లేరు. రోమా ప్రజలు ఇంకొక ఉదాహరణ. వీరి పూర్వీకులు శతాబ్దాల క్రితం భారతదేశం నుంచి వలసవెళ్లినవారు, వీరి భాష ఇండో-ఆర్య కుటుంబానిది. చాలా దేశాలు జాతిని బట్టి గణాంకాలు సేకరించవు గనుక జాతీయ సగటులో వీరు కనబడరు. యూనియన్‌కు చెందిన ప్రాథమిక హక్కుల సంస్థ 2021లో ప్రత్యేకంగా సర్వే జరిపినప్పుడు రోమాలలో దాదాపు 80 శాతం పేదరికపు అంచున ఉన్నట్లు తేలింది. యూనియన్ మొత్తం మీద అది సుమారు 17 శాతమే.

సగటు కింద దాగిన ఇటువంటి సంగతులను వెలికితీయడమే యువ పరిశోధకులు చేస్తున్న పని. దీనికి ఓపిక, అంతకుమించి కాలం కావాలి. వారికి కొరవడినదీ కాలమే. ఫ్లారెన్సులో 1976 నుంచి నడుస్తున్న ఐరోపా విశ్వవిద్యాలయ సంస్థ వంటి పేరున్న చోట్ల కూడా పిహెచ్.డి. తరువాతి ఫెలోషిప్పులు ఒకటి రెండేళ్లవి. జర్మనీలో 2007 నాటి చట్టం ప్రకారం సాధారణంగా పిహెచ్.డి.కి ముందు 6 ఏళ్లు, తరువాత 6 ఏళ్లు తాత్కాలిక కాంట్రాక్టులపై పనిచేయించుకోవచ్చు. ఆ గడువులోగా స్థిరమైన ఉద్యోగం దొరకని చాలామందికి విశ్వవిద్యాలయం వదిలిపోవలసిన స్థితి వస్తుంది. 2021లో అక్కడి పరిశోధకులు ‘నేనే హన్నా’ అన్న నినాదంతో దీనిపై నిరసన తెలిపారు. ఆ చట్టాన్ని సమర్థిస్తూ ప్రభుత్వం తయారుచేసిన చిత్రంలోని కల్పిత పరిశోధకురాలి పేరే హన్నా. అసమానతను, ఉద్యోగ భద్రతను అధ్యయనం చేసేవారికే భద్రత లేకపోవడం విచారకరం. దానివల్ల శాస్త్రానికీ నష్టమే. రెండేళ్ల కాంట్రాక్టు ఉన్నవారు రెండేళ్లలో జవాబు దొరికే ప్రశ్ననే ఎంచుకుంటారు.

ఇక మన సంగతి. 2011 జనగణన ప్రకారం కర్ణాటకలో, తమిళనాడులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు ఒక్కొక్క రాష్ట్ర జనాభాలో 6 శాతానికి కొంచెం తక్కువ. రాష్ట్రాన్ని కొలతగా తీసుకుంటే ఇది చిన్న సంఖ్య. కోలారు, కృష్ణగిరి జిల్లాలను విడిగా చూస్తే పాలు చాలా ఎక్కువ. భాషా అల్పసంఖ్యాకుల రక్షణలపై 1956లో కేంద్రం రూపొందించిన పత్రం జిల్లాను, తాలూకాను, పురపాలక సంఘాన్ని కూడా కొలతగా అంగీకరించింది. 15 నుంచి 20 శాతం ఉన్నచోట ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలో ప్రచురించడం మేలని సూచించింది. కాబట్టి గీత ఏ స్థాయిలో గీయాలన్నది మనకూ జీవన్మరణ ప్రశ్నే.

జనగణన మాతృభాషను అడుగుతుంది గాని ఆదాయాన్ని అడగదు. తెలుగు బడి మూతపడిన ఊళ్లో పిల్లల చదువు, ఆపై వారి జీవనోపాధి ఏమైనవో తెలుసుకోవాలంటే గడపగడపకు వెళ్లి, అవే కుటుంబాలను కొన్నేళ్లపాటు అనుసరించాలి. ఐరోపా గృహ సర్వే కూడా ఒక్కొక్క కుటుంబాన్ని కనీసం నాలుగేళ్లు అనుసరించే విధంగా ఏర్పడినదే. ఇటువంటి పని చేపట్టే యువ పరిశోధకులకు ఏడాది ఫెలోషిప్పుతో సరిపెట్టక, నాలుగైదేళ్ల ఆధారం కల్పించడం తెలుగు శాఖలు, పీఠాలు ఆలోచించవలసిన విషయమని మనవి చేస్తున్నాము.