ఒండ్రులోని వానల చరిత్ర

తొలకరి వాన కురిసినంతనే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర ప్రాంతపు చేలయందు వజ్రములకై మన్ను కలయ వెదకు జనులను ఏటేట చూచుచున్నాము. ఒకరిద్దరికి భాగ్యము పండును. తక్కినవారు రిక్తహస్తములతో మరలుదురు. ఆ వాన ఎన్నేండ్లు వరుసగా తప్పగలదు అను ప్రశ్నమునకు సమాధానము ఈ సీమ రైతునకు వజ్రముకంటె విలువైనది. ఆ సమాధానము సైతము మంటిలోనే కలదని నేటి శాస్త్రజ్ఞులు చూపుచున్నారు.

భారత వాతావరణశాఖ 1875లో నెలకొన్నది. ఆ మరుసటి యేడే మొదలై 1878 వఱకు కర్నూలు, బళ్లారి జిల్లాలను పాడుచేసిన ధాత యీశ్వర కరువును మన పెద్దలు తరతరములుగా చెప్పుకొనిరి. అట్టి కరువు నూఱేండ్లకొకటియా, వేయేండ్లకొకటియా? నూటయేబది యేండ్ల లెక్కలు దీనికి బదులు చెప్పజాలవు. అంతకు పూర్వపు లెక్క చెఱువులలోను, సరస్సులలోను, బురదనేలలలోను గలదు.

ఆ లిపి దురవగాహము కాదు. నీటి యడుగున ఒండ్రు పొరపై పొరగా పేరుకొనును. అందు చిక్కిన ఆకు, పుప్పొడి గాలి తగులక చెడకుండును. వరియు, వృక్షజాతులును గాలినుండి కర్బనమును గ్రహించు తీరొకటి. ఎండకోర్చు జొన్న, కొఱ్ఱ, పెక్కు గడ్డిజాతుల తీరు వేఱొకటి. ఈ రెండవ తెగయందు బరువైన కర్బనపు పాలు కొంచె మెక్కువ. కావున పొరలోని కర్బనమును పరీక్షించిన, ఆనాడు నేల తడిసియుండెనో యెండియుండెనో తేటపడును. రేడియో కర్బనముచే పొర వయస్సు తెలియును.

ఈ పద్ధతినే అనుసరించి నీలగిరులలోని పీట్ అను నల్లని బురదమంటిని బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన రామన్ సుకుమార్ గారును, సహపరిశోధకులును శోధించి 1993లో ఫలితములు ప్రకటించిరి. 11 వేల యేండ్ల క్రిందట వానలు మిక్కుటమనియు, 6 వేలనుండి 3,500 యేండ్ల క్రిందటివఱకు నేల యెండెననియు అందు తేలినది. గోదావరి ముఖమున కెదుట సముద్రగర్భమునుండి తీసిన ఒండ్రు, 4 వేలనుండి 1,700 యేండ్ల క్రిందటివఱకు ఆ నదీభూములలో ఎండకోర్చు మొక్కలు క్రమముగా హెచ్చెనని 2012లో సాక్ష్యమిచ్చినది. మహారాష్ట్రమునందలి లోణార్ సరస్సు, 2 వేలనుండి 600 యేండ్ల క్రిందటి నడుమ దీర్ఘమైన అనావృష్టిని 2014లో బయటపెట్టినది.

మన రాయలసీమకు సహజమైన సరస్సులు అరుదు, చెఱువులే దిక్కు. కడప జిల్లా పోరుమామిళ్ల చెఱువును విజయనగరపు భాస్కర రాయలు కట్టించినట్లు 1369 నాటి శాసనము చాటుచున్నది. లోణార్ చెప్పు అనావృష్టి ముగియు నాళ్లును ఇంచుమించు అవియే. ఇది కాకతాళీయమో, కరువు నేర్పిన బుద్ధియో ఆ చెఱువుల ఒండ్రునే అడుగవలయును.

అయితే ఆ సాక్షిని మనమే చేజార్చుకొనుచున్నాము. పూడిక తీయుట అవసరమే. ఆ మన్ను పొలమునకు బలమే. దానిని మేము కాదనము. కాని యంత్రము ఒక్కదినమున ఎత్తిపోయునది వందలయేండ్ల పొరల వరుస. ఒకసారి కలగిన పుటలను మరల కూర్ప నెవ్వరి తరమును గాదు. రాతిపై అశోకుని మాటలను ఎఱ్ఱగుడి కొండవద్ద భద్రపఱచుకొన్న మనము, మంటిపై ఆకాశము వ్రాసిన శాసనమును బండ్లకెత్తి చల్లుట తగునా?

కోరునది స్వల్పము. పాతచెఱువు పూడిక తీయుటకు ముందు, కట్టకు చేరువ కదలని లోతునుండి గొట్టముతో ఒక్క మంటికంబమును తీసి, కర్నూలు, అనంతపురము విశ్వవిద్యాలయములయందు భద్రపఱచుట. దీనికగు వ్యయము పూడికతీత వ్యయములో లెక్కకు రానంత. ఎన్నేండ్ల కరువునకు సిద్ధపడవలయునో తెలియకయే జలాశయముల కొలతలు నిర్ణయించుట చీకటిలో బాణము వేయుట. ప్రభుత్వమును, విద్యాధికులును ఈ చిన్నపనికి వెంటనే పూనుకొందురుగాక.