బోగీ కింది ట్యాంకు

గుడిబండ, మడకశిర వైపు వాళ్లు రైలెక్కాలంటే హిందూపురం రావాలి. అక్కడ ప్లాట్‌ఫారం మీద బండి ఆగినప్పుడు బోగీ చివర్న కాస్త వంగి చూస్తే చక్రాలకు దగ్గరగా స్టీలు ట్యాంకు ఒకటి బిగించి కనిపిస్తుంది. చాలామంది నీళ్ల ట్యాంకు అనుకుంటారు. నిజానికి అది మరుగుదొడ్డి ట్యాంకు. వందేళ్లకు పైగా రైలు పట్టాల మీద పడిన మలినాన్ని ఇవాళ పట్టి ఉంచి, కరిగిస్తున్నది అదే.

మన దేశంలో ప్రయాణికుల రైలు 1853లో మొదలైంది. కింది తరగతి బోగీలకు మాత్రం చాలాకాలం మరుగుదొడ్లు లేవు. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడు అహ్మద్‌పూర్ స్టేషన్లో కాలకృత్యాలకని దిగితే, ఆయన తిరిగి వచ్చేలోపే గార్డు విజిల్ వేశాడు. ఒక చేత చెంబు, మరో చేత పంచె పట్టుకుని పరుగెత్తి అందరి ముందూ పడిపోయానని ఆయన సాహిబ్‌గంజ్ రైల్వే ఆఫీసుకు ఉత్తరం రాశాడు. కింది తరగతి బోగీల్లో మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరమే కారణమని రైల్వే చరిత్రలో చెప్పుకుంటారు.

అలా వచ్చిన మరుగుదొడ్డి ఒట్టి గొట్టమే. పైనుంచి చూస్తే కింద పరుగెత్తే కంకర కనపడేది. బండి స్టేషన్లో ఆగినప్పుడు వాడవద్దని తలుపు పక్కన రాసేవాళ్లు. అంటే స్టేషన్ దాటాక పట్టాల మీద పడితే ఫరవాలేదని! ఆ పట్టాల మీద రోజంతా నడిచి, వంగి బోల్టులు బిగించే గ్యాంగ్‌మన్ సంగతి ఆ బోర్డు రాసినవాళ్లకు పట్టలేదు. ఆ మలినం వల్ల పట్టాలు, వాటిని పట్టి ఉంచే సామాను తుప్పు పడుతున్నాయని, ఇది భద్రతకే ముప్పని 2012లో రైల్వే భద్రతపై వేసిన అనిల్ కకోద్కర్ కమిటీ హెచ్చరించింది. పాకీ పనిని నిషేధిస్తూ 2013లో వచ్చిన చట్టం రైలు పట్టాలను కూడా పేరు పెట్టి చెప్పింది.

ఓడలు ఈ చిక్కును ముందే చూశాయి. శుద్ధి చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపు వదలకూడదని అంతర్జాతీయ నిబంధన. అందుకే మురుగు గొట్టాన్ని సముద్రంలోకి కాక ట్యాంకులోకి కలుపుతారు. రేవులో పంపుతో తోడేస్తారు, లేదా నడిసముద్రంలో వదులుతారు. వెయ్యిమందికి పైగా ఎక్కి, రెండేసి రోజులు సాగే మన రైలుకు ఈ పద్ధతి కుదరదు. అంత మురుగు మోయాలన్నా బరువే, తోడాలన్నా ప్రతి పెద్ద స్టేషన్లో ఏర్పాటు కావాలి.

దారి సైన్యం వైపు నుంచి దొరికింది. సియాచిన్ మంచులో సైనికుల మలం కుళ్లదు, ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. దానికోసం గ్వాలియర్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల చలికి తట్టుకునే సూక్ష్మజీవులను పెంచింది. వాటినే రైలు ట్యాంకులో పెట్టారు. అదే బయో టాయిలెట్. 2011లో గ్వాలియర్–వారణాసి బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌తో మొదలై, 2019–20 నాటికి సుమారు 2.45 లక్షల బయో టాయిలెట్లు వచ్చాయి.

ట్యాంకు లోపల అడ్డుగోడలు ఉంటాయి. మురుగు తిన్నగా పోకుండా ఒక గోడ కింది నుంచి దూరి, మరో గోడ పైనుంచి పొర్లి నెమ్మదిగా కదులుతుంది. సూక్ష్మజీవులు పట్టుకుని బతకడానికి గడ్డిలాంటి ప్లాస్టిక్ చాపలు అమర్చారు. గాలి తగలని ఆ చీకట్లో ఒక రకం బ్యాక్టీరియా మలాన్ని ఆమ్లాలుగా విడగొడుతుంది, మరో రకం వాటిని మీథేన్‌గా మారుస్తుంది. మన పల్లెల్లో గోబర్ గ్యాస్ గుంత చేసే పని ఇదే. మిగిలిన నీటికి క్లోరిన్ తగిలించి వదులుతారు. యాసిడ్, ఫినాయిల్ ఎక్కువగా పోస్తే ఈ జీవులు చచ్చిపోతాయి, అప్పుడది ఒట్టి మురుగు డబ్బా.

ఇంకో శత్రువు మన చెయ్యి. నీళ్ల బాటిల్, గుట్కా ప్యాకెట్, శానిటరీ ప్యాడ్, గుడ్డపేలిక దేన్నీ సూక్ష్మజీవి తినలేదు. అవి వంపు గొట్టంలోనే ఇరుక్కుంటాయి. 2017 కాగ్ నివేదిక ప్రకారం బెంగళూరు డిపోలో ఒక్కో బయో టాయిలెట్ ఏడాదికి సగటున 83 సార్లు మూసుకుపోయింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మీదుగా తిరిగే మన బళ్లలో చాలావాటికి బెంగళూరే మొదలూ చివరా. చెత్తబుట్టలు పెట్టని చోట రైల్వే తప్పు, పెట్టిన చోట మన తప్పు. ట్యాంకు నుంచి వచ్చే నీరు సెప్టిక్ ట్యాంకు నీటికన్నా మెరుగ్గా లేదన్న ఐఐటీ మద్రాస్ పరిశోధకుల విమర్శనూ రైల్వే పట్టించుకోవాలి.

యంత్రం ఇంకా మారుతోంది. 2023లో మొదలై ధర్మవరం, హిందూపురం మీదుగా నడుస్తున్న కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్‌లో మురుగును గాలితో లాగే బయో వాక్యూమ్ పద్ధతి ఉంది. పాత పద్ధతికి ఒక్కసారికి 10–15 లీటర్ల నీళ్లు కావాలి, దీనికి అర లీటరు చాలు. నీటికి కటకటలాడే మన సీమలో అది చిన్న లాభం కాదు. కానీ గొట్టం మరింత సన్నం కనుక చెత్త వేస్తే మరింత తొందరగా మూసుకుపోతుంది. ఇరుక్కున్న ప్రతి బాటిల్‌ను డిపోలో ఒక మనిషి బయటికి తీయాలి. పట్టాల మీది మనిషిని ఆ మురికి నుంచి తప్పించడానికి వచ్చిన ట్యాంకు, డిపోలో ఇంకో మనిషిని అందులోకి దించకూడదు. ఖాళీ బాటిల్‌ను బుట్టలో వేయడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.