బల్లల అంచులు ఊడనేల?

పరీక్ష గదిలో పర్యవేక్షణకు నిలిచిన అధ్యాపకులకు ఒక దృశ్యం సుపరిచితం. సమాధానం తోచని విద్యార్థి వ్రేలు, అతనికి తెలియకుండానే, బల్ల అంచున ఉన్న ప్లాస్టిక్ పట్టీని గోకుతూ ఉంటుంది. మూడు గంటలు ముగిసేసరికి జానెడు పట్టీ లేచి నిలుస్తుంది. మనం విద్యార్థిని మందలిస్తాము. విచారించి చూస్తే, సరిగా అతికిన పట్టీ గోటికి లొంగదు. అది ఎప్పుడో వదలి ఉన్నది; విద్యార్థి దానిని బయటపెట్టినాడు, అంతే.

అంచు ఊడిన బల్లలను పాతసామానుగా తీసివేయవలెనా, లేక బాగుచేయించవలెనా అన్న ప్రశ్న కళాశాల సంఘం ముందుకు తరచుగా వస్తూనే ఉంటుంది. అంచు ఎందువలన ఊడినదో తెలియనిదే ఈ ప్రశ్నకు ఉత్తరం లేదు. క్రొత్త బల్ల కొన్నప్పటికీ, పాతదానిని చెరిపిన కారణమే దానినీ చెరుపుతుంది.

అంచు అనగానే మన ప్రాంతంవారికి స్ఫురించేది మగ్గం. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన ఎమ్మిగనూరులో అంచు అంటే ఏమిటో పిల్లలకు సైతం తెలుసు. నేతబట్ట అంచు బట్టతోపాటే పుడుతుంది; అడ్డపోగు అక్కడికి చేరి వెనుదిరుగుతుంది కనుక దానిని ఊడదీయడం సాధ్యం కాదు. బల్ల అంచు అటువంటిది కాదు. అది ఓఢనీకి కుట్టే గోటావంటిది. వేరొక చోట తయారై, తరువాత వచ్చి చేరినది. గోటాకు దారం ఎట్లో, దీనికి జిగురు అట్లు. ఉర్దూలో రెండింటినీ ‘కినారా’ అనే అంటాము గాని, రెంటి స్వభావం వేరు. బల్ల అంచుకు వచ్చే వ్యాధులన్నీ ఈ అతుకులోనే పుడుతున్నవి.

అసలు ఈ పట్టీ ఎందుకు? టేకు బల్లకు దీని అవసరం లేదు. నేడు మనం కొంటున్న బల్లలలో అధికభాగం పార్టికల్ బోర్డుతో చేసినవి. కొయ్యతునుకలను యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో కలిపి, వేడిలో అదిమి చేసే ఈ పలక రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, మంచి కలపకు కరవు వచ్చిన జర్మనీలో పరిశ్రమగా రూపుదిద్దుకొన్నది. (తునుకలు కొయ్యవే కానక్కరలేదు. పత్తికట్టెతో కూడ ఈ పలకలు చేయవచ్చునని ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ నిరూపించినది. పత్తికి పేరుపొందిన ఆదోని పొలాలలో ఆ కట్టె పొయ్యిలోకి పోవడం చూసినప్పుడెల్ల నాకు ఈ సంగతి జ్ఞప్తికి వస్తుంది.) పలక పైభాగాన, క్రిందిభాగాన మైకావంటి పొర ఉంటుంది. కోసిన అంచున మాత్రం తునుకలు బయటపడి ఉంటవి. అక్కడ నీరు తగిలిన, అదిమిపెట్టబడిన తునుకలు నీటిని పీల్చి, తమ పూర్వరూపానికి విచ్చుకొంటవి. పలక ఉబ్బుతుంది. ఎండిన తరువాత కూడ మునుపటి మందానికి రాదు. కనుక అంచుపట్టీ అలంకారం కాదు, అది నీటికి కట్టిన కట్ట.

ఊడిన పట్టీని పారవేయక, వెలుతురులో దాని వీపును పరిశీలించవలెను. రోగి నాలుకను చూచినట్లే ఇది. పట్టీకి జిగురుతోపాటు కొయ్యతునుకలు కూడ అంటుకొని వచ్చినచో, జిగురు తన పని తాను చేసినది. పలకయే బలహీనమైనది, బహుశా నీరు త్రాగినది. జిగురంతా పలకపైనే నిలిచి, పట్టీ వీపు శుభ్రంగా ఉన్నచో, పట్టీ ఆ జిగురును అందుకొనలేదు: వీపున దుమ్మో, నూనెచేతి ముద్రో ఉన్నది, లేదా జిగురు పట్టేందుకు కర్మాగారంలో పూయవలసిన పూత లోపించినది. జిగురు నున్నగా, మెరుస్తూ, అదిమిన గుర్తే లేక ఉన్నచో, పట్టీ తాకేలోపలే అది చల్లారినదని అర్థం. ఈ మూడింటికీ చికిత్సలు వేరు. మన వద్ద మాత్రం మూడింటికీ ఒకటే మందు వేస్తున్నారు: రెండు మేకులు! మేకు దిగినచోట తునుకలు చిట్లి, నీటికి మరొక ద్వారం తెరుచుకొంటుంది.

యంత్రంపై అతికే పట్టీకి వాడే జిగురు గది వేడిమిలో గట్టిముద్దగా ఉండి, సుమారు 180 నుండి 200 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరిగి, చల్లారగానే పట్టుకొంటుంది. వేడితో కరిగేది వేడికి మెత్తబడడం సహజం. ఆదోని వేసవిలో పడమటి కిటికీ ప్రక్కన, మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలే బల్లల పట్టీలు ముందుగా లేవడానికి ఇదొక కారణం. పట్టీని లాగిపట్టి అతికినచో మరొక చిక్కున్నది. కొంతకాలానికి అది కుంచించుకొని, మూలలవద్ద సందు విడుస్తుంది. పలక 18 మిల్లీమీటర్లు, పట్టీ 22 మిల్లీమీటర్లు ఉండడం వాడుక, మిగిలినదానిని చెక్కివేస్తారు. చెక్కే పరికరం మొండిదైతే అంచు పళ్లుపళ్లుగా చిట్లుతుంది. ఇది చూపునకే లోపం, అతుకునకు కాదు.

యంత్రం లేని చోట వడ్రంగులు రబ్బరు జిగురుతో చేతితోనే అతుకుతారు. ఆ పని తక్కువైనది కాదు, ఓపిక ఉంటే చాలు. జిగురును పలకకు, పట్టీకి రెండింటికీ పూసి, వ్రేలితో తాకిన అంటుకొనకుండా ఆరేవరకు వేచియుండవలెను. పలక అంచు మొదటి పూతను పీల్చివేస్తుంది కనుక దానికి రెండవ పూత అవసరం. తడి ఆరకముందే కలిపినచో జిగురులోని ద్రావకం లోపల చిక్కి, బుడగలై పట్టీని లేపుతుంది. సాయంకాలంలోపల పది బల్లలు ముగించమని మనమే తొందరపెట్టి, పిమ్మట వడ్రంగిని నిందించడం న్యాయం కాదు.

తెల్లజిగురు సంగతి స్వానుభవంతో చెప్పగలను. ఇంట్లో వ్రాతబల్లకు ప్లాస్టిక్ పట్టీని దానితో అతికి, రాత్రంతా త్రాటితో బిగించి ఉంచితిని. ఉదయం త్రాడు విప్పగానే పట్టీ కూడ చేతిలోకి వచ్చినది. తెల్లజిగురు కొయ్యను కొయ్యకు కలుపుతుందే గాని ప్లాస్టిక్‌ను పట్టదు. ఎం.ఏ.లో ఇది బోధించలేదు.

ఇక బాగుచేయడం. పలక గట్టిగా ఉండి, కరిగే జిగురు పట్టీకి మిగిలియున్నచో, వెచ్చని గాలి తగిలించి జిగురును మెత్తబరచి, చెక్కదిమ్మతో చల్లారేవరకు అదిమిపట్టిన చాలు. ఇస్త్రీపెట్టెను నేరుగా పెట్టరాదు, ప్లాస్టిక్ ముడుచుకొంటుంది. జిగురు పొడిపొడిగా ఉన్నచో పూర్తిగా గీకివేసి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, రబ్బరు జిగురుతో తిరిగి అతకవలెను. పలక ఉబ్బినచో ఆ భాగంపై ఏ పట్టీ నిలువదు. ఉబ్బినంతమేర కోసివేసి, ఆ చోట కొయ్యబద్దను తెల్లజిగురుతో చేర్చి, చిత్రిక పట్టించవలెను. బల్ల అంగుళం తగ్గిననూ పనికి వస్తుంది. కాళ్లుగా నిలిచిన పలకలు ఉబ్బి, మరలు పట్టు వదిలిన బల్లలు మాత్రమే తీసివేయదగినవి.

సంఘంవారు క్రొత్త బల్లలకు ఉత్తరువు ఇచ్చేటప్పుడు ఒక మాట చేర్చవలెనని నా కోరిక. పైపొర అతికిన పార్టికల్ బోర్డుకు ఐ.ఎస్. 12823 అనే భారతీయ ప్రమాణం కలదు. దానిని అడుగుతూ, పట్టీ నాలుగు అంచులకూ వేయవలెనని స్పష్టంగా వ్రాయవలెను. కంటికి కనబడే అంచుకు పట్టీ వేసి, నేలను తాకే అంచును విడిచిపెట్టడం వ్యాపారంలో పరిపాటి. గది కడిగినప్పుడు నీరు నిలిచేది సరిగ్గా అక్కడే. మన ప్రయోగశాలలోని బల్లల క్రింద చేయిపెట్టి తడిమి చూడండి. గరుకుగా తగిలినచో, ఈ సెలవులలోనే ఆ అంచులకు రెండు పూతల రంగైననూ వేయించి, కాళ్లక్రింద రబ్బరు ముక్కలు పెట్టించవలసి ఉన్నది.