మీకు తెలుసా? పెట్టెలో ముందే లెక్కగట్టిన ఓటమి

జన్వాడలోనో, శంకర్‌పల్లి రోడ్డు మీదో ఏదైనా పర్మిట్ రూంలో డబ్బులు వేసి ఆడే వీడియో గేమ్ మిషన్ పెట్టారనుకోండి. చట్టం దృష్టిలో ఆ గది జూదపు కొట్టు అయిపోతుంది. 1974 నాటి తెలంగాణ గేమింగ్ చట్టంలో మూడో సెక్షన్ నడిపినవాడికి, నాలుగో సెక్షన్ అక్కడ ఆడుతూ దొరికినవాడికి. 2024 అక్టోబరులో జన్వాడ ఫామ్‌హౌస్‌లో సోదా జరిగాక మోకిల పోలీసులు పెట్టిన కేసులో ఈ రెండు సెక్షన్లూ ఉన్నాయి.

మరి పత్తాలాట సంగతి? సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు అని ఉండేది. అక్కడ రమ్మీ ఆడుతుండగా పోలీసులు పట్టుకున్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1967 నవంబరులో తేలింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం. రమ్మీలో మాత్రం ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పడేయాలో తేల్చుకోవాలి, కాబట్టి అందులో నైపుణ్యమే ఎక్కువ అన్నది కోర్టు. ముక్కలకూ కుర్చీలకూ క్లబ్బు కొంత రుసుము తీసుకోవడం తప్పు కాదంది. ఈ తీర్పును ఉదహరించేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. కానీ అందులోనే ఇంకో మాట ఉంది: ఆట మీద క్లబ్బు లాభం తీస్తున్నట్టు రుజువైతే అది నేరమే. నాకు అసలు గీత అక్కడే కనిపిస్తుంది.

ఎందుకంటే మిషన్ పుట్టిందే లాభం తీయడానికి. కర్ణాటక వీడియో గేమ్ పార్లర్ల కేసులో 1995లో సుప్రీంకోర్టు ఇదే పట్టుకుంది. మిషన్ లోపల మార్పులు చేసేస్తే ఆడేవాడి నేర్పు ఎందుకూ పనికిరాదని, పార్లర్లకు లైసెన్సు తప్పనిసరని చెప్పింది. పత్తాల బల్ల దగ్గర ఎదుటివాడి ముఖమైనా కనిపిస్తుంది. ఇక్కడ ఆడేవాడికి ఎదురుగా ఉన్నది అద్దం వెనక దాగిన లెక్క.

ఆ లెక్కను బాహాటంగా చట్టంలో రాసుకున్న చోటు అమెరికాలో ఉంది. ఇల్లినాయ్ రాష్ట్రం 2009లో బార్లకు, చిన్న హోటళ్లకు ఈ మిషన్లను అనుమతించింది. 2012లో అవి నడవడం మొదలైంది. మామూలు బారులో ఇప్పుడు ఆరు మిషన్ల దాకా పెట్టుకోవచ్చు, అన్నీ ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థకు కలిపి ఉండాలి. మిషన్ నోట్లు ఇవ్వదు, గెలిస్తే చీటీ వస్తుంది. వేసిన డబ్బులో సగటున కనీసం 80 శాతం తిరిగి రావాలన్నది నియమం. 80 అంటే న్యాయంగానే అనిపిస్తుంది. ఆ కనీస రేటు మీదే 100 రూపాయలు పెట్టి, వచ్చిందంతా మళ్లీ వేస్తూ పోండి. మొదటి చుట్టుకు సగటున మిగిలేది 80, రెండోదానికి 64, మూడోదానికి 51, నాలుగోదానికి 41. మోసమేమీ జరగలేదు, మిషన్ చట్టప్రకారమే పనిచేసింది!

మనవాళ్లు ఎక్కువగా స్థిరపడ్డ అట్లాంటా ఉన్న జార్జియాలో పద్ధతి వేరు. అక్కడ 2013 నుంచి ఈ మిషన్లు రాష్ట్ర లాటరీ సంస్థ అదుపులో ఉన్నాయి. కొట్టుకు తొమ్మిది మించకూడదు. గెలిచినవాడికి నగదు ఇవ్వకూడదు. కొట్టులో సరుకో, పెట్రోలో, లాటరీ టికెట్టో ఇవ్వొచ్చు. కొట్టు మొత్తం రాబడిలో మిషన్ల వాటా సగం దాటకూడదు.

లైసెన్సులిస్తే మనకూ పన్ను వస్తుందనే వాదన వినిపిస్తుంటుంది. చేవెళ్ల, మొయినాబాద్ వైపు పర్మిట్ రూంలో సాయంత్రం కూర్చునేవాళ్లలో ఆనాటి కూలి ఆనాడే చేతికందినవాళ్లు చాలామంది. ఆ డబ్బు ఇంటికి చేరకముందే దాని మీద వచ్చే పన్ను మనకొద్దు.

తెలంగాణ 2017లో చట్టం సవరించి రమ్మీకి ఉన్న మినహాయింపునూ తీసేసింది, ఆన్‌లైన్ ఆటలనూ కలిపింది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యమైనా అదృష్టమైనా, నిషేధించింది. ఆ చట్టంలో శిక్ష నడిపేవాళ్లకు, ప్రకటనలు ఇచ్చేవాళ్లకు, చెల్లింపులు జరిపేవాళ్లకు. ఆడి పోగొట్టుకున్నవాడికి శిక్ష లేదు. మన గేమింగ్ చట్టంలో నాలుగో సెక్షన్ మాత్రం ఇంకా ఆడినవాడి వెంటే పడుతోంది. ముందు మార్చాల్సింది దాన్నే.