పురుగు కడుపునకు గండి కొట్టు సూక్ష్మజీవి

“నిన్న సాయంకాలము మందు చల్లితిమి. తెల్లవారి చూడగా పురుగు ఆకు మీద అట్లే యున్నది. ఈ మందు పనికి రాదు.” బి.టి. పొడిని మొదటిసారి వాడిన రైతులు తరచు చెప్పు మాట ఇది. ఇట్లు తలచి మరునాడే మరియొక ఘాటైన మందు కొని చల్లువారు కలరు. దీనివలన రెండు మందుల ఖర్చు మీద పడును. పురుగులను తిని మనకు మేలు చేయు సాలీళ్లు, అక్షింతల పురుగులు కూడ చచ్చును. బి.టి. పని చేయు తీరు తెలిసినచో ఈ నష్టమును తప్పించుకొనవచ్చును.

బి.టి. అనగా నేమి?

బి.టి. అనగా బాసిల్లస్ తురింజియెన్సిస్ అను బాక్టీరియా. 1901లో జపాను శాస్త్రజ్ఞుడు ఇషివాతా దీనిని జబ్బుపడిన పట్టుపురుగులలో కనుగొనెను. తరువాత జర్మనీలోని తురింజియా ప్రాంతమున పిండిపురుగులలో దీనిని చూచిన బెర్లినర్, 1915లో ఆ ప్రాంతము పేరే దీనికి పెట్టెను. ఈ బాక్టీరియా ఒక మాంసకృత్తును చిన్న స్ఫటికముగా తయారు చేయును. విషమునకు మూలము అదియే. స్ఫటికముగా నున్నంత వరకు అది పని చేయదు.

గండి పడు విధము

ఆకుతో పాటు స్ఫటికము గొంగళిపురుగు కడుపులోనికి పోవును. పురుగు పేగులోని రసము క్షార గుణము కలది. అందు స్ఫటికము కరగును. జీర్ణరసములు దానిని ముక్కలు చేయగా అసలు విషము బయటపడును.

పేగు గోడ అసంఖ్యాకమైన కణములతో కట్టబడినది. ప్రతి కణము చుట్టు పలుచని పొర యుండును. మీ మడికి గట్టు ఎట్టిదో కణమునకు ఈ పొర అట్టిది. ఏది లోనికి రావలెనో, ఏది రాకూడదో ఆ పొరయే నిర్ణయించును. తాళమునకు తగిన చెవి వలె, విషము ఈ పొర మీద తనకు తగిన చోట అతుకుకొనును. అట్టి విషపు ముక్కలు కొన్ని గుమికూడి పొరలో దూరి రంధ్రము చేయును. ఆ రంధ్రము వెడల్పు మిల్లీమీటరులో సుమారు పది లక్షల వంతు మాత్రమే. అయినను ఆ గండి చాలును. లవణములు, నీరు అదుపు లేక లోనికి చొరబడును. కణము ఉబ్బి పగులును. పేగు గోడ చెడును. పురుగు కొన్ని గంటలలోనే మేత మానును. పేగులోని రసము, బాక్టీరియా రక్తములో కలియుటచే 2 నుండి 5 రోజులలో చచ్చును.

కనుక మరునాడు పురుగు బ్రతికియున్నను అది మీ పైరును తినుట లేదని గ్రహింపుడు. మనుష్యుల కడుపులో ఆమ్ల గుణముండును. ఆ తాళము వంటి చోటును లేదు. అందుచే ఈ విషము మనలో ఇట్లు పని చేయదు. అయినను పొడి పీల్చకుండ ముఖమునకు గుడ్డ కట్టుకొనవలెను.

వాడునప్పుడు జాగ్రత్తలు

1. పురుగు చిన్నదిగా నున్నపుడే, ఆకు రెండు వైపుల తడియునట్లు చల్లవలెను. తినినగాని విషము ఎక్కదు. ఆకు రసము పీల్చు పేనుబంక, పచ్చదోమలకు ఇది పనికిరాదు.

2. ఎండకు మందు చెడును. సాయంకాలము చల్లవలెను.

3. సున్నము కలిసిన బోర్డో మిశ్రమముతో కలుపరాదు. పురుగు కడుపులో కరగవలసిన స్ఫటికము మీ డ్రమ్ములోనే చెడును.

4. పట్టుపురుగు కూడ గొంగళిపురుగే. హిందూపురం, మదనపల్లె వంటి పట్టు ప్రాంతములలో మల్బరీ తోటల దరిదాపుల చల్లరాదు.

5. ఎడతెగక ఇదే మందు వాడరాదు. పొర మీది తాళము మారిన పురుగులు బ్రతికి సంతతిని పెంచును. భారతదేశమున 2002లో అనుమతించిన బి.టి. ప్రత్తిలోను ఇట్టి విషమే కలదు. గులాబీరంగు కాయతొలుచు పురుగు దానిని తట్టుకొనుట మన రైతులు చూచినదే.

మందు చల్లిన మరునాడు చచ్చిన పురుగులను లెక్కింపకుడు. పది మొక్కలకు గుర్తు కట్టి, లేత ఆకులకు క్రొత్త రంధ్రములు పడుచున్నవో లేదో మూడు రోజులు చూడుడు. పడనిచో మందు పని చేసినట్లే. రెండవ మందు ఖర్చు మీకు మిగులును.