ధర పడినప్పుడు బ్యాచ్ పెట్టాలా, ఆపాలా? చాకీ బుక్ చేసే ముందు వేసుకోవాల్సిన లెక్క



పోయిన వారం మన గ్రూపులో ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఒకటే. గూడు ధర పడింది కదా, చాకీ బుక్ చేయాలా వద్దా? వేప్పనపల్లి పక్కనుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, నాకు కిలో గూడుకు నాలుగు నూర్ల ఇరవై ఖర్చు పడతా ఉంది. మార్కెట్లో మూడు నూర్ల డెబ్బై అంటున్నారు. కిలోకు యాభై చేతినుంచి పోతుంది. షెడ్డుకు తాళం వేసేస్తా. జేసీబీ పిలిచి తోట కూడా పెరికించేస్తే సరి."

మేము ఆయన ఇంటికే పోయి, అరుగుమీద కూర్చొని, ఆయన నోటుబుక్కు ముందు పెట్టుకొని లెక్క వేశాం. గంటసేపు పట్టింది. ఆ ధరకు బ్యాచ్ పెడితే ఆయనకు నష్టమే. కానీ పెట్టకపోతే దానికంటే ఎక్కువ నష్టం. అదెట్లా అనేది అందరికీ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాం. అంకెలు ఆయనవి, లెక్కకు సులువుగా ఉండేలా సరిచేసినవి. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

*ధర మన చేతిలో లేదు*

హోసూరుకు తీసుకుపోయినా, ధర్మపురికి పోయినా, రామనగరానికి పోయినా మన లాట్ వందల లాట్లలో ఒకటి. మనం ఒక్కరం గూడు తేకపోతే ధర పైసా పెరగదు. ఇంకో వంద కిలోలు తెచ్చినా తగ్గదు. వేలంలో పలికినదే ధర.

ఆ ధర వెనక మనకు కనిపించని చేతులు చానా ఉన్నాయి. 2011 కేంద్ర బడ్జెట్‌లో ముడి పట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. 2013లో 15 శాతం చేశారు. 2021 బడ్జెట్‌లో 10 నుంచి మళ్లీ 15కు పెంచారు. చైనా పట్టు ఎంతకు వచ్చి దిగుతుందో దాన్ని బట్టి రీలర్ మన గూడుకు పాట పెంచుతాడు, తగ్గిస్తాడు. 2020 లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు ఆగాయి, మగ్గాలు ఆగాయి, గూడు కొనేవాళ్లు తగ్గారు. వీటిలో ఒక్కటీ మనం మార్చగలిగేది కాదు.

మన చేతిలో ఉన్నవి రెండే. ఈ బ్యాచ్ పెట్టాలా వద్దా? పెడితే ఎన్ని గుడ్లకు పెట్టాలి?

*ఖర్చును రెండుగా చీల్చండి*

తమ్ముడు చేసిన పొరపాటు చిన్నదే, మనమందరం చేసేదే. అన్ని ఖర్చులూ ఒకే కుప్పలో వేసి కిలోకు 420 అన్నాడు. మేము ఆయన్ను ఒకటే అడిగాం. "ఈసారి పురుగు పెట్టకపోతే ఇందులో ఏ ఖర్చు నీ జేబులో మిగులుతుంది?"

షెడ్డు లోను కంతు మిగలదు. తాళం వేసినా బ్యాంకు అడుగుతుంది. స్టాండ్లు, చంద్రికలు, స్ప్రేయర్ ఎప్పుడో కొన్నవి. వాటికి పెట్టిన డబ్బు కూడా తిరిగి రాదు. ఇవి బ్యాచ్ పెట్టినా పోయేవే, పెట్టకపోయినా పోయేవే. ఆయన లెక్కలో ఒక బ్యాచ్ వంతుకు 13,000 రూపాయలు.

పురుగు పెడితేనే అయ్యే ఖర్చులు వేరు. 200 గుడ్లకు, 100 గుడ్లకు 65 కిలోల చొప్పున 130 కిలోల గూడు వస్తుందని వేసుకున్నాం.

తోటకు ఎరువు, కలుపు: 7,800 (కిలోకు 60)
చాకీ పురుగులు: 9,100 (కిలోకు 70)
షెడ్డు మందులు, సున్నం, పేపరు: 3,900 (కిలోకు 30)
ఆకు కోత, మేత, చంద్రికలకు ఎక్కించడం, గూడు విడిపించడం: 18,200 (కిలోకు 140)
బండి బాడుగ, మార్కెట్ ఖర్చు: 2,600 (కిలోకు 20)

మొత్తం 41,600. కిలోకు 320. దీనికి ఆ 13,000 కలిపితే 54,600, అంటే కిలోకు 420.

ఇప్పుడు ధర 370 అనుకుందాం. 130 కిలోలకు 48,100 వస్తుంది. పెట్టిన 41,600 తీసేస్తే 6,500 మిగులుతుంది. ఆ 6,500 కంతులో సగానికి పనికొస్తుంది, మిగతా 6,500 నష్టం. షెడ్డుకు తాళం వేస్తే? 13,000 మొత్తం చేతినుంచే కట్టాలి. అంటే బ్యాచ్ పెడితే 6,500 నష్టం, పెట్టకపోతే 13,000 నష్టం.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే నేను చూడాల్సింది 420 కాదు, 320 అన్నమాట" అన్నాడు. అదే. ధర 420 దాటితే లాభం. 320కీ 420కీ మధ్య ఉంటే నష్టంలోనూ బ్యాచ్ పెట్టడమే మేలు. 320 కిందికి పోతుందని నమ్మకంగా తెలిస్తే ఆపడమే మేలు. ధర 300 అయితే వచ్చేది 39,000. కంతు ఎట్లాగూ పోతుంది, దానిపైన ఇంకో 2,600 మనమే ఎదురు పెట్టాలి. ఆర్థికశాస్త్రం పుస్తకాల్లో ఫ్యాక్టరీలకు చెప్పే సూత్రం కూడా ఇదే. మారే ఖర్చు వెనక్కి వచ్చేంతవరకు నడుపు, రాకపోతే ఆపు అంటారు.

ఇంటి మనుషుల కూలి సంగతి చానామంది అడుగుతారు. వదిన, పిల్లలు కోసిన ఆకుకు కూలి వేయాలా? ఆ రోజుల్లో వాళ్లకు బయట టమాటా తోటలోనో, పూల తోటలోనో కూలి దొరికే పని ఉంటే, ఆ కూలిని వేయాలి. పని దొరకని రోజులైతే అంత వేయక్కర్లేదు. ఇంటి కష్టం ఊరికే వచ్చిందని మాత్రం రాసుకోవద్దు.

*రోజులు గడిచేకొద్దీ గీత కిందికి దిగుతుంది*

మన పనిలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. 320 అనే గీత ఒక్కచోట నిలబడదు. ఖర్చు పెట్టేసిన డబ్బు వెనక్కి రాదు కాబట్టి, ప్రతి మెట్టు దగ్గరా ఇకమీదట పెట్టాల్సిన ఖర్చునే చూడాలి.

కొమ్మ కత్తిరించి, ఎరువు వేయకముందు: 320
ఎరువు వేశాక, చాకీ బుక్ చేయకముందు: 260
షెడ్డు కడిగి, చాకీ దింపుకున్నాక: 160
నాలుగో జ్వరం లేచాక: 100 దగ్గర
గూడు విడిపించాక: బండి బాడుగ, మార్కెట్ ఖర్చు, 20

అందుకే నాలుగో జ్వరం లేచాక ధర పడిందని పురుగును పారేసేవాళ్లు ఉండరు. ఐదో దశలో మేత ఎక్కువ, పని ఎక్కువ, నిజమే. అయినా అప్పటికి ఎక్కువ డబ్బు పెట్టేసి ఉంటాం. గూడు చేతికొచ్చాక అయితే దాచుకునే దారి కూడా లేదు. కొద్ది రోజుల్లోనే లోపలి పురుగు రెక్కల పురుగై గూడుకు కన్నం చేసుకొని బయటికొస్తుంది. కన్నం పడిన గూడును రీలర్ దారం తీయలేడు. ఆ రోజు ఏ ధర పలికితే ఆ ధరకే ఇవ్వాలి.

కాబట్టి నిజంగా ఆలోచించాల్సిన రోజు చాకీ బుక్ చేసే రోజు. అది దాటితే వెనక్కి తిరగడం కష్టం. ఇక్కడ ఒక జాగ్రత్త. ఈరోజు మార్కెట్ ధర మన ధర కాదు. రెండో జ్వరం లేచిన చాకీ దింపుకున్నాక, గూడు మార్కెట్‌కు పోయేసరికి ఇంచుమించు 25 రోజులు. నెల తర్వాత పెళ్లి ముహూర్తాలు ఉన్నాయా, వాన తేమకు గూడు నాణ్యత తగ్గుతుందా, అన్నీ చూసి కొంచెం తక్కువ ధరనే వేసుకోండి.

*ఆకుకు కూడా ఒక ధర ఉంది*

ఎరువు వేసేశాం, ఆకు వచ్చేసింది, గీత 260. ధర 300 ఉండేట్టుంది. పెట్టొచ్చు కదా? పక్క రైతుకు ఆకు చాలక, నిలబడిన తోటకు 6,500 ఇస్తానంటే లెక్క మారుతుంది. ఆకును మనం మేపితే ఆ 6,500 వదులుకున్నట్టే. అది కిలోకు 50. గీత 310 అవుతుంది. అప్పుడు ఆకు అమ్మడమే మేలు. ఆకు కొనేవాళ్లు లేకపోతే ఆ 50 లేదు, పురుగు పెట్టడమే మేలు. అందుకే ధర పడిన నెలల్లో ఈ గ్రూపులో "ఆకు ఉంది", "ఆకు కావాలి" అని పెట్టమని అడుగుతున్నాం.

*ఎన్ని గుడ్లు?*

తమ్ముడి తోటలో 200 గుడ్లకు ఆకు సరిపోతుంది. ఆయన ఎప్పుడూ 250 పెడతాడు. ఆ చివరి 50కి ఆకు బయట కొనాలి, కూలివాళ్లను పిలవాలి, షెడ్డులో ఇరుకు. ఆ 50 గుడ్లకు మాత్రమే అయ్యే ఖర్చు వేసి చూస్తే 12,000. వచ్చే గూడు 30 కిలోలు. అంటే ఆ 30 కిలోల్లో కిలోకు 400 ఖర్చు. ధర 370 ఉన్నప్పుడు 200 గుడ్లు పెట్టడం మేలు, ఆ పై 50 మాత్రం దండగ. ధర 450 ఉంటే ఆ 50 కూడా పెట్టొచ్చు. ధర పడితే మొదట తగ్గించాల్సింది ఈ చివరి గుడ్లనే, షెడ్డు మొత్తం మూయడం తర్వాత మాట.

*ఇదే లెక్క ఆపమని కూడా చెప్తుంది*

"ఇంత పెట్టేశాం కదా, ఇప్పుడెట్లా వదిలేది" అనే మాట మనల్ని ముంచుతుంది. నాలుగో జ్వరం లేచాక షెడ్డులో పాల రోగం గట్టిగా పట్టిందనుకోండి. 130 కిలోల చోట 30 కిలోలు కూడా అనుమానం. ఇంకా 10,000 ఖర్చు ఉంది, ధర 300. వచ్చేది 9,000. అప్పటికి పెట్టింది ఎంతైనా సరే, అది పోయింది. పురుగును సున్నంతో గుంతలో పూడ్చి, షెడ్డు శుద్ధి చేసి, వచ్చే బ్యాచ్‌ను కాపాడుకోవడం మేలు.

దిగుబడి మాట కూడా ఇక్కడే. మేము 65 కిలోలు వేసుకున్నాం. 100 గుడ్లకు 50 కిలోలే వస్తే అదే 41,600 ఖర్చు 100 కిలోల మీద పడుతుంది. గీత 320 నుంచి ఇంచుమించు 416కు ఎగబాకుతుంది. కాబట్టి మంచి బ్యాచ్‌ను గుర్తు పెట్టుకొని లెక్క వేయొద్దు. పోయిన ఐదు బ్యాచ్‌ల సగటు తీసుకోండి. ధర మనం పెంచలేం. షెడ్డు శుద్ధి, గాలి, సమయానికి మేత, ఊజి ఈగకు వల, వీటితో మన గీతను మనం దించుకోగలం.

రీలర్ల దగ్గరా ఇదే లెక్క నడుస్తుంది. దారం ధర, గూడు ధరకూ కూలికీ కరెంటుకూ సరిపోకపోతే వాళ్లు బేసిన్లు ఆపుతారు. కొనేవాళ్లు తగ్గి మన ధర ఇంకా పడుతుంది. మనలో గీత ఎత్తుగా ఉన్నవాళ్లు బ్యాచ్‌లు ఆపితే కొన్ని వారాలకు గూడు తగ్గి ధర మళ్లీ లేస్తుంది. ఆ లేచే రోజుకు తోట, షెడ్డు ఉన్నవాళ్లకే లాభం.

*తోట పెరకడం వేరే లెక్క*

ఒక బ్యాచ్ ఆపడం ఒక నెల నిర్ణయం. మల్బరీ పెరకడం పదిహేనేళ్ల నిర్ణయం. మళ్లీ నాటితే నిండు పంటకు ఏడాది దాకా పడుతుంది. కాబట్టి ఒక బ్యాచ్ ధర చూసి జేసీబీని పిలవొద్దు.

అట్లని ఎప్పటికీ నష్టంలో నడపమనీ మేము చెప్పం. 320కీ 420కీ మధ్య ధర ఒకటి రెండు బ్యాచ్‌లకు ఓర్చుకోవచ్చు. రెండు మూడేళ్లు సగటు ధర 420 తాకకపోతే, చంద్రికలు అరిగిపోయినప్పుడు కొత్తవి కొనడానికి డబ్బు ఉండదు. లోను తీరాక, షెడ్డు రిపేరుకు వచ్చాక, కూర్చొని మళ్లీ ఆలోచించాలి. ఆ రోజు 420నే చూడాలి, 320ని కాదు. అప్పుడు అన్ని ఖర్చులూ మన చేతిలోకి వస్తాయి కాబట్టి.

తమ్ముడు ఈసారి 200 గుడ్లకే చాకీ బుక్ చేశాడు. 50 తగ్గించాడు. జేసీబీ మాట మళ్లీ ఎత్తలేదు. గూడు మార్కెట్‌కు పోయాక ఆయన లెక్క ఏమైందో, లాభమైనా నష్టమైనా, ఇక్కడే చెప్తాం.

మీరు కూడా చాకీ సెంటర్‌కు ఫోన్ చేసే ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఎడమ పక్క తాళం వేసినా పోయే ఖర్చు, కుడి పక్క పురుగు పెడితేనే అయ్యే ఖర్చు రాయండి. కుడి పక్క మొత్తాన్ని మీ సగటు కిలోలతో భాగించండి. వచ్చిన అంకెను షెడ్డు తలుపు మీద సుద్దతో రాసి పెట్టుకోండి. కుదరకపోతే కాగితం ఫోటో తీసి మాకు పంపండి. కలిసి వేద్దాం.